నాన్నమ్మ పెట్టిన తోడు

బిలాస్‌పూర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఫ్యాక్టరీ మురుగునీటిలోని క్రోమియం విషాన్ని బ్యాక్టీరియాతో విరిచెయ్యడం నా ప్రాజెక్టు. నీళ్ళ పసుపురంగు పోతే విషం విరిగినట్టే. సెలవులొచ్చాయని ఆ నీళ్ళూ బ్యాక్టీరియా కలిపిన సీసాని మా రైల్వే క్వార్టర్‌కి తెచ్చి, వెచ్చగా ఉంటుందని వంటింట్లో పెట్టాను.

"అదేటే?" అంది నాన్నమ్మ.

"పాలని తోడుపెట్టే పురుగుల్లాంటివేలే" అన్నాను.

మర్నాడు డ్యూటీ దిగిన నాన్న కంచంలో పెరుగు వేసుకుని, "ఏటమ్మా, ఈ పెరుగిలా సాగుతోంది?" అన్నారు.

"తోడు లేకపోతే దాని సీసాలోంచి ఓ చెంచా ఏశాన్రా."

కెవ్వుమని కంచం లాగేశాను. "అది విషం నాన్నమ్మా!"

"నిన్నట్లా పసుప్పచ్చగా ఉంటే ముట్టుకుందునేటి? తెల్లగా మజ్జిగతేటలా అయిపోనాది కదే!"

పరుగెత్తి చూశాను. పసుపు మాయం! నాన్నమ్మని పట్టుకుని గిరగిరా తిప్పేశాను.

నా ప్రయోగం ఫలించిందని మొట్టమొదట చెప్పింది ఆవిడే. నాన్న మాత్రం ఇప్పటికీ పెరుగు ముందు నాకే వడ్డించమంటారు.