మల్లయ్య చేతులు కట్టలేదు

2004లో మేడ్చల్ హైవే పక్కన ఓ చిన్న నర్సింగ్ హోమ్‌లో నేను మత్తు డాక్టర్‌ని. ముక్కు ఆపరేషన్ అయ్యాక రెండు రంధ్రాల్లోనూ ప్యాక్, అంటే గాజుగుడ్డ, కుక్కుతారు. మత్తు దిగేసరికి నొప్పి, గాలాడకపోవడం రెండూ ఒక్కసారే మీద పడతాయి. రోగి గింజుకుంటాడు. అందుకని ముందే చేతులు మంచానికి కట్టేయడం అక్కడ మామూలు. నాకు చూస్తేనే ఒళ్లు మండేది.

శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మల్లయ్యకు ముక్కు దూలం వంకర. అంతకుముందు వేరేచోట ఆపరేషన్ చేస్తే లేస్తూనే చేతుల కట్లు తెంపుకుని ప్యాక్ పీకేశాడు. దూలం మళ్లీ వంకరపోయింది.

"గట్టిగ కట్టుండ్రి డాక్టరమ్మా. పోయినసారి మస్తు రక్తం కారింది," అంది భార్య యాదమ్మ.

"కట్టినందుకే గట్ల జేసిన," అన్నాడు మల్లయ్య. "ఒకపారి చెర్ల వలల చిక్కిన. చేతులాడలే, ముక్కులకు నీళ్లు పోయినయ్. లేచెటాలకు గదే అనిపించింది. మళ్ల కడితే నాకీ ఆపరేషనే వద్దు."

"ఈసారి పీకితే ఇక నేను బాగుచేయలేను. బాధ్యత మీదేనా మేడమ్?" అన్నాడు సర్జన్.

"నాదే," అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఆయనకు తెలుసు.

ముందురోజే మల్లయ్య ముక్కులో దూది పెట్టి, నోటితో గాలి పీల్చడం అలవాటు చేయించాను. "నీళ్లల్ల ఊపిరి బిగబట్టేటోనివి, గిదేం లెక్కనయ్యా!" అంటే నవ్వాడు. మర్నాడు మత్తిచ్చాక, కోత పెట్టకముందే, కంటి కింద, ముక్కు మొదట్లో నర్వ్ బ్లాక్ ఇచ్చాను. నరం పక్కన మందు ఎక్కిస్తే ఆ భాగం కొన్ని గంటలు మొద్దుబారి ఉంటుంది.

ఆపరేషన్ అయింది. గొంతులో ఊపిరి కోసం వేసిన గొట్టం తీశాను. మల్లయ్య దగ్గాడు, కళ్లు తెరిచాడు, కుడిచెయ్యి పైకి లేచింది. అందరూ ముందుకు ఉరికారు.

"ఎవరూ పట్టుకోవద్దు!" అని అరిచాను.

ఆ చెయ్యి ప్యాక్‌ను తాకి ఆగింది. మల్లయ్య నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు.

"వల లేదు గద?" అన్నాడు మత్తుగా.

"లేదు మల్లయ్యా."

చెయ్యి దానంతటదే దిగి ఛాతీ మీద పడింది. సర్జన్ గ్లోవ్స్ విప్పుకున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత నేను బ్లాక్ ఇచ్చిన రోగుల్లో కొందరు అంత నిమ్మళంగా లేవలేదు. అయినా ఇవ్వడం మానలేదు. అది నొప్పిని ఆపుతుంది. భయం సంగతి మాత్రం మనిషినే అడగాలి. అందుకే ఇప్పటికీ ఆపరేషన్‌కు ముందురోజు ప్రతి రోగి పక్కనా కూర్చుని ఒక మాట అడుగుతాను: "నీకు దేనికి భయం?"