కాగితం మీది లాభాలు

మా ఆయన పళ్ళు తోముకుంటూ మార్కెట్ సంగతి చెప్తాడు. కూరగాయల మార్కెట్ అనుకునేరు, కాదు. బంగారం మార్కెట్ కూడా కాదు. కంటికి కనపడని, చేతికి చిక్కని క్రిప్టో మార్కెట్. ఏడాదిన్నర కింద ఫోన్లో ఎవరిదో వీడియో చూశాడు. అప్పటినుంచి సిద్దిపేటలో మా రెండు గదుల కిరాయి ఇంట్లో రోజూ పొద్దున ఆరున్నరకు బిట్‌కాయిన్ భవిష్యత్తు వినడం నాకు రాసిపెట్టి ఉంది.

"ఇయ్యాల రేపట్ల జర పెరుగుతది. పెరగకపోతే దిగుతది. దిగకపోతే గీడ్నే ఉంటది," అంటాడు, నోట్లో నురగతో.

"గంతేనా? గది నేను సుత చెప్తా."

"నీకు గ్రాఫ్ తెల్వదు," అని పుక్కిలించి ఉమ్ముతాడు.

ఆయన ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పెళ్ళిళ్ళ కాలంలో, బతుకమ్మ ముందు, నా కత్తెరకు ఊపిరాడదు. ఆయన మాత్రం కాలంతో పనిలేకుండా స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నా బట్టలు కోసే బల్ల పక్కన నిలబడి అంచనా పూర్తి చేసి ఆఫీసుకు పోయేవాడు. ధర ఎక్కడిదాకా దిగి ఆగుతుందో అది సపోర్టట. ఎక్కడిదాకా ఎక్కి తల కొట్టుకుంటుందో అది రెసిస్టెన్సట. ఉన్నదంతా ఒకేసారి పెట్టొద్దు. పెరుగుతున్నదాని వెంట పరుగెత్తొద్దు. ఇంత నష్టం వస్తే కళ్ళు మూసుకుని అమ్మేయాలని ముందే గీత గీసుకోవాలి, దాని పేరు స్టాప్ లాస్. అన్నీ మంచి మాటలే. ఆయన జాగ్రత్త ఎంతదూరం పోయిందంటే, ఇన్ని తెలిసీ ఒక్క రూపాయి కూడా పెట్టలేదు. గోబీ పువ్వు కొనాలన్నా నాలుగు బండ్లు తిరిగి, పువ్వు విప్పి పురుగును వెతికే మనిషి. క్రిప్టో కొంటాడా?

కొనడు గానీ, కొన్నట్టు రాస్తాడు. ఆఫీసు నుంచి తెచ్చుకున్న ఒక పొడుగు బుక్కు ఉండేది. అందులో స్కేలు పెట్టి గళ్ళు గీశాడు. తేదీ, కొన్నట్టు, అమ్మినట్టు, లాభం, నష్టం. ఆ బుక్కు టీవీ మీద పెట్టి సాయంత్రం చెరువు కట్ట మీద నడవడానికి పోయేవాడు. నేను తీసి చదివేదాన్ని. నష్టం గడి పూలు పూయని చెట్టులా బోసిగా ఉండేది. ఎప్పుడో పదిహేను రోజులకొకసారి వందో రెండొందలో కనపడేది, దిష్టి చుక్కలాగా. లాభం గడిలో మాత్రం సన్నటి ముత్యాల్లాంటి రాత. నెలనెలా ఎర్ర ఇంకుతో మొత్తం. ఆ ఎండాకాలానికి లక్ష దాటింది.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, ఆ సామెత నేను రోజుకు రెండుసార్లు వాడుకున్నాను.

"ఓ సారూ, లక్ష రూపాల లాభమున్నది గద. గండ్లకెళ్ళి కిలో చక్కెర తేరాదూ?"

జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళ ముందు కూడా ఆపేదాన్ని కాదు. ఆయన లాగే చెయ్యి గాల్లో ఎత్తి, "పెరగకపోతే దిగుతది," అని చూపించేదాన్ని. వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. బెజ్జంకి నుంచి గొల్లభామ చీరలకు జాకెట్లు కుట్టించుకునేందుకు వచ్చే ఒకామె గడపలో అడుగు పెడుతూనే, "మీ సారు ఇయ్యాల ఎంత సంపాయించిండమ్మా?" అని అడిగేది. ఆయన లోపలి గదిలోంచి వింటూ ఉండేవాడు. బయటికి వస్తే అందరికీ నమస్తే పెట్టి, చెప్పులేసుకుని పోయేవాడు. కోపం తెలియని మనిషి. దాంతో నాకు ఇంకా ఉత్సాహం వచ్చేది.

ఇక నా సంగతి. నాకొక కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషిన్ కావాలి. ఇప్పుడు జాకెట్టు కుట్టుడుకంటే దాని మీది పూల పనికే డబ్బెక్కువ. ఆ పని నేను బజారులో ఇంకొకరికి ఇచ్చి చేయించేదాన్ని, వచ్చిన దాంట్లో సగానికి పైగా వాళ్ళకే పోయేది. నాలుగేళ్ళు చిట్టీ కట్టి, ఎత్తి, మిషిన్ డబ్బు బ్యాంకులో వేసుకున్నాను. హైదరాబాదులో అమ్మే అతను బయానా తీసుకుని, "నలభై రోజులమ్మా. మిషిన్ రాంగనే మిగిలింది కట్టాలె, లేకుంటే ఎన్కున్నోళ్ళకు పోతది," అన్నాడు. బతుకమ్మకు ముందే వస్తుంది. ఆ పండుగ జాకెట్లన్నీ నా మిషిన్ మీదే. నేను రోజులు లెక్కబెట్టుకుంటున్నాను.

నలభై రోజులు డబ్బు ఊరికే పడి ఉంది. టీవీ మీద బుక్కు ఉంది. నా తప్పంతా ఈ రెంటి మధ్యనే పుట్టింది.

పగలంతా ఆయన్ను ఆటపట్టించే నేను, ఆ బుక్కును మాత్రం లోలోపల నమ్మాను. ఎందుకు నమ్మను? చక్కటి గళ్ళు, కొట్టివేతలు లేవు, తప్పుల్లేవు. పైసా పెట్టకుండానే ఇంత తెలిసిన మనిషి పెడితే ఎట్లుంటుంది? ఆయనకు ధైర్యం లేదు, నాకుంది అనుకున్నాను. లాభం వచ్చాక ఒక రోజు ఆయన ముందు నోట్లు పరిచి, "చూసినవా, గిట్ల చెయ్యాలె," అని చెప్పడం కూడా ఊహించుకున్నాను. నిజం చెప్పాలంటే మిషిన్ కంటే ఆ ఊహే నాకు ఎక్కువ రుచించింది.

నా తమ్ముడు గజ్వేల్‌లో కూరగాయల అడ్తి నడుపుతాడు. రైతుల సరుకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే దుకాణం. వాడి ఫోన్లో ఈ కాయిన్లు కొనే యాప్ ఉంది. ఒక ఆదివారం బస్సెక్కి వచ్చి, నా ఫోన్లోనూ వేసి, పాన్ కార్డు ఫొటో తీసి, అన్నీ నేర్పాడు.

"ఒక్కటే మాట యాదికుంచుకో అక్కా," అన్నాడు. "టమాట లెక్కనే. పొద్దుగూకేసరికి గంప ఖాళీ కావాలె. ఇంట్ల ఉంచుకుంటే కుళ్ళుతది."

"గిది కుళ్ళుతదారా?"

"కుళ్ళదు గని, అలవాటు మంచిది."

అట్లా నా వ్యూహం తయారైంది. పొద్దున మా ఆయన అంచనా, సాయంత్రం మా తమ్ముడి టమాట సూత్రం. రెండు జాగ్రత్తలు కలిస్తే ఇంక ఢోకా ఏముంది? ఇరవై వేలతో మొదలుపెట్టాను.

కానీ ఆయన చెప్పే "పెరగకపోతే దిగుతది" తో నాకు పని జరగదు కదా. మర్నాడు పొద్దున కత్తెర పక్కన పెట్టి అడిగాను. "తిప్పి తిప్పి చెప్పకు. ఒక్క మాట చెప్పు. ఇయ్యాల పెరుగుతదా, దిగుతదా?"

బ్రష్ నోట్లోంచి తీసి నన్ను చూశాడు. ఏడాదిన్నరలో మొదటిసారి నేను నిజంగా అడిగాను. ఆ ముఖం వెలిగిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. చొక్కా వేసుకుని, ఫోన్ తెచ్చి, ఎర్ర గీతలు పచ్చ గీతలు చూపించి, బల్ల మీది లైనింగ్ గుడ్డ జరిపి కూర్చుని పావుగంట చెప్పాడు. చివరికి, "పెరుగుతది," అన్నాడు. ఆ సాయంత్రం వస్తూ నాకోసం మిర్చి బజ్జీలు తెచ్చాడు.

ఆయన ఆఫీసుకు పోగానే కొన్నాను. అది దిగింది. పొద్దుగూకేసరికి గంప ఖాళీ చేశాను, తమ్ముడు చెప్పినట్టే. బుక్కు తీసి చూద్దును కదా, ఆ రోజు గడిలో "అమ్మినట్టు" అని పొద్దుటి ధర, "కొన్నట్టు" అని సాయంత్రం ధర, అంటే ముందే అమ్మేసి దిగాక తక్కువకు కొన్నట్టు, పక్కన ఆరొందలు లాభం. ఆఫీసుకు పోతూ దారిలోనే మనసు మార్చుకుని ఉంటాడు, నాకు చెప్పడం మరిచిపోయి ఉంటాడు అనుకున్నాను. రెండో రోజు దిగుతుంది, ముట్టొద్దన్నాడు. ముట్టలేదు. పెరిగింది. బుక్కులో పొద్దునే కొన్నట్టు ఉంది. మూడో రోజు పెద్ద కాయిన్ వద్దు, ఫలానా చిన్న కాయిన్ చూడమన్నాడు. చూశాను. అది నిజంగానే చిన్నదైపోయింది.

పోయిందాన్ని తెచ్చుకోవాలని ఇంకో ఇరవై, మళ్ళీ ఇంకో నలభై వేశాను. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. పైగా అమ్మిన ప్రతిసారీ నూటికో రూపాయి పన్ను కింద ముందే కోసుకుంటారు, నేనేమో రోజూ అమ్ముతున్నాను. ఫోన్ చేసి తమ్ముడి మీద అరిస్తే, "మా అడ్తి కంటె అన్యాలముంది గదనే," అని వాడు తెల్లబోయాడు.

తేలు కుట్టిన దొంగలా తిరిగాను. మా ఆయన్ను అడగలేను, తిట్టకుండా ఉండలేను. పప్పులో ఉప్పెక్కువైందని ఆయన అనకముందే, "తింటే తిను లేకుంటే లే," అనేదాన్ని. ఆయన మజ్జిగ పోసుకుని తినేవాడు. పొద్దున అంచనాలో మాత్రం రోజురోజుకు శ్రద్ధ పెరిగింది. నాకోసమని ముందురోజే రెండు వీడియోలు ఎక్కువ చూసి వచ్చేవాడు.

ముప్పై ఆరో రోజు మధ్యాహ్నం మిషిన్ అతను ఫోన్ చేశాడు. మిషిన్ వచ్చిందట, రెండు రోజుల్లో కట్టమన్నాడు. యాప్ తెరిచి చూసుకున్నాను. ఎనభై వేలు పెట్టిన చోట యాభై రెండు వేలున్నాయి.

ఆ సాయంత్రం నడకకు పోకముందు ఆయన బుక్కు ముందేసుకుని కూర్చున్నాడు. నేను టీ పెట్టి వెనక నిలబడ్డాను. ఫోన్లో ఆ రోజు గ్రాఫ్ మొత్తం చూసి, తక్కువ ఎక్కడుందో అక్కడ వేలు పెట్టి "కొన్నట్టు" రాశాడు. ఎక్కువ ఎక్కడుందో చూసి "అమ్మినట్టు" రాశాడు. తీసివేశాడు. లాభం గడిలో వేశాడు.

"గిప్పుడు రాస్తున్నవేంది?"

"మరెప్పుడు రాయాలె?"

"పొద్దున ఒక తీరు చెప్తివి. గీడ ఇంకో తీరు రాస్తివి."

"పొద్దున ఏమైతదో ఎవలకెర్క?" అన్నాడు, ఎంతో సహజంగా. "పొద్దుమూకినంక అంతా సాఫ్‌గ కనవడతది. అప్పుడు రాస్తే తప్పులు రావు. మా ఆఫీసుల ఎవలు యాడికి పోయిండ్రో రాసే రిజిస్టర్ సుత నెలాఖరుకే నింపుతం. ఇరవై రెండేండ్లల్ల ఒక్క కొట్టివేత లేదు."

బల్ల మీది బట్టలు తోసి కూర్చున్నాను. అంతా చెప్పేశాను. యాప్, తమ్ముడు, టమాట, ఇరవై, ఇరవై, నలభై. ఆయన పెన్ను మూత పెట్టాడు.

"నా బుక్కు జూసి పెట్టినవా?"

"అవ్. నష్టమే లేకపాయె గద అండ్ల. గంత ఖాళీగ ఎందుకు వెట్టినవయ్యా ఆ గడి?"

"మొదట్ల పొద్దున్నే రాసిన," అన్నాడు. "మొదటి వారం నాలుగు నష్టాలొచ్చినయ్. నువ్వు చదివి, కుట్టుడుకొచ్చిన ఆడోళ్ళ ముందట మూడు దినాలు నవ్వినవ్. గా కాయిదాలు చింపేసిన. నువ్వు రోజూ చదువుతవని తెల్సు. గందుకే సాయంత్రం రాస్తున్న."

ఆ మూడు రోజులు నాకు గుర్తు కూడా లేవు. ఎంత నవ్వి ఉంటానో, ఎవరి ముందో, ఏమీ గుర్తు లేదు. ఆయనకు అన్నీ గుర్తున్నాయి. ఇన్నాళ్ళూ ఆయన జాగ్రత్తపడింది మార్కెట్ గురించి కాదు, నా నోటి గురించి. నాకు సిగ్గేసింది. నా మీద నాకే కోపమొచ్చింది, తోసేసిన బట్టలు మళ్ళీ మళ్ళీ మడతపెడుతూ కూర్చున్నాను.

మిషిన్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. తక్కువ పడ్డ డబ్బు రెండు రోజుల్లో పుట్టలేదు, అది వరుసలో నా వెనకున్న వాళ్ళకు పోయింది. ఆ బతుకమ్మకు పూల పని మళ్ళీ బజారుకే పంపాను.

ఆ సాయంత్రం మాత్రం నేను ఆయన నవ్వు కోసం ఎదురుచూశాను. నవ్వే వంతు ఆయనదే. ఇన్నాళ్ళకు దొరికాను. బెజ్జంకి ఆమెను పిలిచి మరీ చెప్పినా నాకు నోరెత్తే హక్కు లేదు. ఆయన లేచి, టీ గ్లాసు నా చేతికిచ్చి, పక్కన కూర్చున్నాడు.

"మిషిన్‌కు ఎంత తక్కువ వడ్తది?" అని అడిగాడు.

"జర నవ్వరాదయ్యా," అన్నాను.

"ఎందుకు?" అన్నాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. నాకు ఏడుపొచ్చింది.