తండ్రి సాళ్లు కోసిన పొద్దున

ఆ రోజుల్లో బొల్లాపల్లి చేలల్లో నేను నడిచొస్తుంటే తేనెటీగలు లేచి నిలబడేవని మా మనవరాలికి చెబుతుంటాను. పుప్పొడి లేని ఆవ మొక్కను కనిపెట్టింది నేనేనని కూడా చెప్పాను. (కనిపెట్టిన మహానుభావులు ఎవరో వేరే. నేను విత్తనాల కంపెనీలో కుర్ర సూపర్‌వైజర్ని.) మా పిన్నమ్మ చేత ఆమె చేలో విత్తనపు ఆవాలు సాగు చేయించాను. తల్లి సాళ్ల పూలలో పుప్పొడి ఉండదు. పక్కనున్న తండ్రి సాళ్ల నుంచి తేనెటీగలు మోసుకొస్తేనే కాయ పడుతుంది, ఆ గింజే కంపెనీకి కావాలి. పూత ముగియగానే, గింజలు కలవకుండా తండ్రి సాళ్లు కోసిపారేయాలి. ఈ చివరి ముక్క పిన్నమ్మకు చెప్పడం మరిచాను. (మరవలేదు, భయపడ్డాను.)

కొడవళ్లతో కూలీలను దింపిన పొద్దున ఆమె వచ్చి సాలుకు అడ్డంగా కూర్చుంది.

“ఏందిరా ఇది? నిండుగా కాసినయ్యి కోసి, పీలగా ఉండయ్యి ఉంచుతావా? మా ఏడాది తిండిరా!”

“వాటి పని అయిపోయింది పిన్నమ్మా.”

“పనైపోయిన మగోళ్లని కోసేస్తారా? అయితే ముందు మీ బాబాయిని కొయ్!”

గట్టు మీద చుట్ట కాలుస్తున్న బాబాయి కాళ్లు ముడుచుకున్నాడు. “మధ్యలో నన్నెందుకు లాగుతావే?”

గింజ కలిస్తే కంపెనీ ఒక్కటీ కొనదని చెప్పాక, చివరికి ఆమె చీర దులుపుకుని లేచింది. “తల్లి సాళ్లలో గింజ రాలేదనుకో, ఇంక మా గుమ్మం ఎక్కమాక.”

గింజ వచ్చింది, చానా వచ్చింది. ఆమె గుప్పెడు దాచుకుని మరుసటి చలికాలం పెరట్లో చల్లింది. పూశాక నన్ను పిలిచింది. “పుప్పొడి లేని తల్లి బిడ్డలు గదరా, ఇయ్యి గూడా అంతేనా?”

తల్లి నుంచి దిగే ఆ లోపాన్ని సరిచేసే గుణం ఈ తండ్రిలో ఉందని కంపెనీలో మా సారు చెబితే వల్లించానే గానీ, నేనూ ఎన్నడూ చూడలేదు. పువ్వును బొటనవేలితో రుద్దాను. పచ్చటి పొడి! పక్క మొక్క, ఆ పక్క మొక్క, ఒక్కటీ తప్పలేదు. ఏ మట్టిలోనో కలిసిపోయిన తండ్రి నా వేలి మీదికి తిరిగొచ్చినట్టు ఒళ్లు జలదరించింది. పిన్నమ్మ కూడా ఓ పువ్వును రుద్ది తన వేలు చూసుకుంది. “కోసినా పోలేదురా. పిల్లల్లో దాక్కున్నాడు,” అని, ఆ పసుపు పక్కనే ఉన్న బాబాయి చెంపకు పూసింది. “భయపడమాకయ్యా, నిన్ను కొయ్యన్లే.”

ఇప్పుడు నా పూత కూడా ఎప్పుడో ముగిసింది. నిన్న మనవరాలు ఫోన్లో స్నేహితురాలితో అంటుంటే విన్నాను: “అసలు ఆవాలు కనిపెట్టిందే మా తాత!”

నేను పుప్పొడి లేని మొక్క దాకానే చెప్పాను. మిగతాది తన సొంతం. బొటనవేలు చూసుకుని నాలో నేనే నవ్వుకున్నాను.