కండ్లు కాదురా, కళ్ళు

ముందే ఒప్పుకుంటాను, ఆ రోజుల్లో నాకు కంటి మీద కన్నా నోటి మీద శ్రద్ధ ఎక్కువ. రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. మధిర వైపు నుంచి వెళ్ళి ములకలపల్లిలో ఓ ప్రైవేటు బడిలో తెలుగు సారుగా చేరాను. పిల్లలెవరైనా "సార్, కండ్లు మండుతున్నయ్" అంటే, మంట సంగతి వదిలేసి "కండ్లు కాదురా, కళ్ళు. నాలుక మడిచి అను" అని పదిసార్లు అనిపించేవాణ్ణి. (పాపం, సాయంత్రానికి వాళ్ళ నాలుకలు మడతలు పడి ఇంటికి వెళ్ళేవి.) నాతో ఒకే గదిలో కిరాయికుండే లెక్కల సారుది ఏన్కూరు. "కండ్లన్నా కళ్ళన్నా కనవడేది గదే కదనే" అని నవ్వేవాడు. నేను నవ్వేవాణ్ణి కాదు. భాషను కాపాడేవాడు నవ్వకూడదని నా నమ్మకం.

ఆ వానాకాలం బడిలో కండ్లకలక దిగింది. ముందు పిల్లలకి, తర్వాత లెక్కల సారుకి. చూస్తే అంటుకుంటుందని విని, ఆయన ముఖం చూడకుండా వారంరోజులు గోడతో మాట్లాడాను. ముఖం మాత్రం ఆయన తువ్వాలుతోనే తుడుచుకున్నాను. ఓ పొద్దున లేస్తే కుడికన్ను పుసులు కట్టి తెరుచుకోలేదు. "నాకు దురదే ఉండెనే, నీకు నొప్పంటున్నవ్. జల్దీ దవాఖానకు పో" అన్నాడాయన. పోలేదు. గూట్లో ఎవరో వదిలేసిన చుక్కలమందు సీసా ఉంటే (దాని మీద తేదీ అరిగిపోయింది, నా తెలివిలాగే) అదే పోసుకున్నాను. నాలుగోరోజుకి వెలుతురు సూదుల్లా గుచ్చుకుంది. బోర్డు మీద 'అ' రాస్తే నాకే 'ఆ' అని కనబడింది. కన్ను పోతుందన్న భయంతో, తడుముకుంటూ ఎస్టీడీ బూతుకి వెళ్ళి నాన్నకి ఫోను చేశాను. మా నాన్న చర్చిలో సంఘపెద్ద. ఈ లోకంలో ఆయనకున్న ఒకే ఒక్క శత్రువు కల్లు.

"నాన్నా, కళ్ళతో చచ్చిపోతున్నా." వానకి లైనంతా గరగర.

"కల్లా? ఎన్నాళ్ళ నుంచిరా?"

"నాలుగు రోజులు. మొదట ఒకటే. నిన్నటి నుంచి రెండోదీ మొదలైంది."

"రెండా! ఎవడంటించాడు?"

"గదిలో లెక్కల సారే."

"పొద్దున్నే కూడానా?"

"పొద్దున్నే మరీ ఎక్కువ నాన్నా. లేవగానే ఏమీ కనబడట్లేదు."

"కదలకుండా గదిలో పడుండు. రేపు పాస్టరుగారిని తీసుకొస్తన్నా."

పాస్టరుగారెందుకో నాకర్థం కాలేదు. డాక్టరు దశ దాటిపోయిందేమోనని మరింత వణికాను. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ దిగారు. ఎర్రటి కళ్ళతో ఎదురెళ్ళి ద్వారబంధానికి గుద్దుకున్నాను. ఇక సాక్ష్యం అక్కర్లేకపోయింది. "కన్నందుకు మంచి పేరే తెచ్చావురా" అన్నాడు నాన్న. పాస్టరుగారు "ఈ బిడ్డ చేత కల్లు మాన్పించు ప్రభువా" అంటూ బైబిలు తెరిచి తాగుబోతుల వాక్యం వెతుకుతుంటే, అది విని లెక్కల సారు పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, తాగే కల్లు కాదే! చూసే కండ్లు! కండ్లకలక సారుకు!"

నాన్న దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "నేను కనబడుతున్నానారా?" అన్నాడు. "మసగ్గా" అన్నాను. అంతే, ఖమ్మంలో కంటాసుపత్రి దాకా నా చెయ్యి వదల్లేదు. నాకు వెలుతురు తగలకుండా బస్సు లోపల కూడా గొడుగు తెరిచి పట్టుకున్నాడు (కండక్టరుతో రెండుసార్లు గొడవైంది). డాక్టరమ్మ కన్ను చూసి నన్ను వాయించింది. "కండ్లకలక చాలావరకు దానంతటదే పోతది. కానీ నొప్పి, మసక, వెలుతురు గుచ్చుకునుడు మొదలైతే ఆ రోజే రావాలె. ఎవరిదో మందు ఎట్ల పోసుకున్నవయ్యా, సారువి కాదూ? ఇంకో రెండ్రోజులాగితే నల్లగుడ్డు మీద మచ్చ పడేది."

కన్ను దక్కింది. బడికి వెళ్ళాక ఎవరైనా "కండ్లు" అంటే ముందు కండ్లే చూసేవాణ్ణి, నాలుక సంగతి తర్వాత. నాన్న మాత్రం తన చెవి తప్పు ఏనాడూ ఒప్పుకోలేదు. "నీ పలుకే సరిగ్గా లేదు" అనేవాడు. తెలుగు సారుకి!

కొన్నేళ్ళకి ఓ పొద్దున ఆయన ఫోను. "ఒరే, కళ్ళు బాగా ఇబ్బంది పెడతన్నాయిరా."

ఎన్నాళ్ళుగానో నోట్లో దాచుకున్న మాట బయటికొచ్చింది. "తాటిదా నాన్నా, ఈతదా?"

అవతల ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మారిన చప్పుడు. తర్వాత, నా పాత పిల్లల్లా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అన్నాడు.

"కం...డ్లు రా."

నవ్వుతూనే చొక్కా తగిలించుకున్నాను. ఫోను పెట్టేలోపే అడిగేశాను, "నేనొస్తున్నా. నొప్పుందా నాన్నా? మసగ్గా ఉందా?"