గట్టు మీది కంప

మోకాళ్ల నొప్పుల వల్ల పొలం వెళ్లడం తగ్గించాను గానీ, మొన్న వెళితే మా పక్క మిరప చేను కోతకొచ్చి వారాలు దాటినా కోసేవాళ్లు లేక, కాయలు చెట్ల మీదే ఎండి నల్లబారుతూ కనిపించాయి. పంచాయతీ ఎన్నికల్లో ఓడిన వైపు నిలబడినందుకు ఆ రైతును చావగొట్టారనీ, ఇంటికి తాళం వేసి మొగుడూ పెళ్లాలు చీరాల పోయారనీ టీ కొట్టు దగ్గర చెప్పుకుంటున్నారు. "వాడు మాత్రం తక్కువోడా బాబాయ్!" అన్నాడొక కుర్రాడు నవ్వుతూ. ముప్పయ్యేళ్ల కిందట ఇదే చోట ఆ మాట మొదట అన్నది నేను.

మీకూ గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మన పల్లెల్లో టీ కొట్లు రెండు, మంగలి షాపులు రెండు, మిరపకాయలు కోసే ముఠాలు కూడా రెండే. ఎవరి చేలో ఎవరు దిగాలో వర్గమే చెప్పేది. మా పెదనాన్న కొడుకు, నన్ను సైకిలు మీద ఎక్కించుకుని తిప్పిన అన్న, ఆ ఏటి ఎన్నికల్లో అవతలి వర్గానికి పోలింగు ఏజెంటుగా కూర్చున్నాడు. ఫలితాలొచ్చిన వారంలోనే, పురుగుమందు డబ్బా వీపున వేసుకుని పొలం పోతున్నవాణ్ణి పట్టపగలు నరికేశారు. నరికింది మా వర్గం. నేను కత్తి పట్టలేదు. కానీ ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర అందరూ తలలు వంచుకుని కూర్చుంటే, అన్న మీద జాలి పడుతున్నానని ఎవరైనా అనుకుంటారేమోనన్న భయంతో ఆ మాట అన్నాను. ఒక్కొక్కరే తలలెత్తారు. తర్వాత పోలీసులు అడిగినా, కోర్టు అడిగినా ఊరంతా ఆ మాట చాటునే దాక్కుంది.

వదిన పిల్లలతో చీరాలలో పుట్టింటికి చేరింది. మా పక్కనున్న అన్న చేను మాత్రం ఎర్రగా పండి నిలబడింది. దానికి దారి నా గట్టు మీదుగానే. పశువులు పడకుండా పైరు కాలంలో తుమ్మ కంప అడ్డం వేసి, కోతలకు తీసేయడం మా నాన్నల నాటి అలవాటు. ఒకరోజు ఆమె వచ్చి మా గుమ్మం బయటే నిలబడింది.

"అబ్బాయ్, కూలోళ్లను పొన్నూరు నుంచి తెచ్చుకుంటా. నువ్వు కంప తియ్యి, చాలు."

"ఈ ఏడాదికి వద్దులే వదినా, ఊరు బాలేదు."

"ఊరా, నువ్వా?" అని వెళ్లిపోయింది.

నేను కంప తీయలేదు. ఆ కాయలు రాలిపోతుంటే ఈవల గట్టున నిలబడి నా కాయలు కోయించుకున్నాను. మరుసటేడు వదిన ఆ చేను అమ్మేసింది. కొన్నది మా వర్గం మనిషే. ఇప్పుడు చీరాల పోయింది అతనే.

నిన్న అతని భార్య కాయలు కోయించమని ఫోను చేస్తే, మనుషుల్ని నేను పంపిస్తానమ్మా అన్నాను. ముఠా మేస్త్రికి ఫోను చేశాను. ఎవరి చేనండీ అని అడిగాడు. చెప్పాను.

"ఈ ఏడాదికి వద్దులెండి బాబాయ్ గారూ, ఊరు బాలేదు."

ఏమని తిట్టను అతన్ని?

ఊరికి సిమెంటు రోడ్లు వచ్చాయి, చేలల్లో డ్రిప్పు పైపులు వచ్చాయి, ఇప్పుడు అన్ని వర్గాలూ ఒకే కొట్లో టీ తాగుతున్నాయి. కానీ ఆనాడు ఆ మాట నా నోట వచ్చేదాకా అయినా మా తలలు వంగి ఉన్నాయి. ఈ కుర్రాళ్లకు వంచాలనే తోచలేదు. ఇవాళ పొద్దున్నే కర్ర పట్టుకుని వెళ్లి గట్టు మీది కంప లాగేశాను. చేతులు గీరుకుపోయాయి. దారి తెరిచే ఉంది. పొద్దు వాలేదాకా గట్టు మీద కూర్చున్నాను, ఎవరూ రాలేదు.