నల్లమ్మ నాలుక, ఎర్రన్న మాట

నల్లమ్మ నాలుక గురించి సోమందేపల్లెలో చెప్పుకొనే మాటల్లో సగం అబద్ధం. ఏ సగమో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. ఒక్క దమ్ము లాగితే చాలు, ఆ పొగాకు ఏ ఊరి చేలో పండిందో, ఆ చేనికి నీళ్లు పారించిన బావి తూర్పునుందో పడమరనుందో చెప్పేస్తుందట. ఒక ఏడు ఆమె వదిలిన పొగ పోయి పెనుకొండ కొండ మీద కూర్చుంటే, మబ్బు పట్టిందనుకొని మూడూళ్ల రైతులు విత్తనం కాయలు ఒలవడానికి కూర్చున్నారట. ఈ కథ చెప్పింది నల్లమ్మే. నమ్మని వాళ్లకు ఆ మూడూళ్ల పేర్లు కూడా చెప్పేది, ఒక్కో రోజు ఒక్కో మూడు.

మనిషి బక్కపలచన. వయసు డెబ్బైకి అటో ఇటో. హైవే పక్కన వేణుగోపాల్ శెట్టి అంగడి ముందు ఒక రాతి అరుగుంది. ఆ అరుగు మీద, ఎడమ పక్క స్తంభానికి వీపు ఆనించి, వెదురు బుట్టలో చుట్టలు పెట్టుకొని కూర్చోవడం ఆమె ముప్పై రెండేళ్లుగా చేస్తున్న పని. చుట్టలు కొనేవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కకొచ్చారు. అయినా పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది. అడిగితే, "ఇంట్లో కూర్చుంటే నా మాట గోడలు వింటాయి. వింటాయి గానీ నవ్వవు కదప్పా" అంటుంది.

ఆ అరుగుకే ఈ వేసవిలో గండం వచ్చింది. వేణుగోపాల్ కొడుకు భరత్‌కుమార్ బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి అంగడి చూసుకుంటున్నాడు. అరుగు పగలగొట్టి, గ్రానైటు మెట్లు వేసి, గాజు తలుపులు పెట్టాలని అతని పట్టు. మేస్త్రీకి మాట కూడా ఇచ్చేశారు.

అదే వారంలో సిగార్ల బేరం వచ్చింది. కార్ల ఫ్యాక్టరీకి వచ్చే విదేశీయులు దిగే లాడ్జి ఒకటి హైవే మీదే ఉంది. దాని మేనేజరు జోయల్. అతిథులకు భోజనమయ్యాక ఇవ్వడానికి ఒకే రకం సిగార్లు కావాలన్నాడు. క్యూబావి వద్దు, దొరకడం కష్టం. కానీ రుచి క్యూబా దారిలో ఉండాలి, మెత్తగా ఉండాలి, కొత్తవాడికి తల తిరగకూడదు. "మీరే ఒకటి ఎంచి పెట్టండి శెట్టిగారూ. సరిగ్గా ఉంటే ఇక ఎప్పుడూ మీ దగ్గరే" అని పోయాడు.

వేణుగోపాల్ బెంగళూరు నుంచి మూడు రకాలు, రకానికి నాలుగేసి తెప్పించాడు. ఒక్కో రకానికి ఒక్కో రంగు కాగితపు ఉంగరం. తెల్ల ఉంగరానిది డొమినికన్, ఎర్రది నికరాగువా, పచ్చది హోండురాస్. బతుకులో బీడీ ముట్టని శెట్టి, వాటిని రేకుల కప్పు కింద పై అరలో పెట్టి, పది రోజులు వాటి వంక భయంగా చూశాడు. చివరికి అరుగు మీదికొచ్చాడు.

"నల్లమ్మా, నువ్వు క్యూబా చుట్ట తాగినానంటావు కదా. ఈ మూడింట్లో ఏది దానికి దగ్గరో చెప్పు."

నల్లమ్మ తాగానని అంటుంది, నిజమే. రామగిరి కొండల్లో గాలిమరల సర్వేకి వచ్చిన ఇంజనీరు ఒకాయన వెళ్లిపోతూ తన చేతికిచ్చాడని, అది జానెడు పొడవుందని, మూడు రోజులు తాగితే గానీ అయిపోలేదని వందసార్లు చెప్పింది.

"చెప్తా. చెప్తే ఈ అరుగు ఉంచుతావా శెట్టీ?"

వేణుగోపాల్ నవ్వాడు. "జోయల్ సార్ తల ఊపితే ఉంచుతా. ఊపకుంటే సోమవారం మేస్త్రీ వస్తాడు. ఆయన వచ్చేది ఆదివారం, ఇంకా వారం ఉండాది."

అప్పుడే రకానికొకటి ముట్టించింది. చుట్టకు చేసినట్టే నాలుకతో తడిపి, కొన కొరికి, గుండెల దాకా లాగింది. మూడూ ఒకటే. చెనిక్కాయ పొట్టు కుప్పకు నిప్పంటించినట్టు గొంతు పట్టుకున్నాయి. దగ్గు ఆగాక అదే మాట చెప్పింది.

"మూడు దేశాలవి ఒకటే రుచంటావా అవ్వా?" అన్నాడు భరత్. "నీ క్యూబా కథ కూడా ఇంతేనేమో."

అతను సరదాకే అన్నాడు. నల్లమ్మకు మాత్రం గుచ్చుకుంది. ఎందుకంటే ఆ క్యూబా చుట్ట ఆమె తాగలేదు. ఇంజనీరు చుట్టనిచ్చింది ఆమె మొగుడు ఎర్రన్నకు, నెల రోజులు కొండెక్కి దిగి సామాను మోసినందుకు. తాగిందీ ఎర్రన్నే. ఇద్దరూ ఇంటి ముందు కూర్చున్నారు. ఇంకొక్క దమ్ము, ఇంకొక్క దమ్ము అంటూ ఎర్రన్న తుది దాకా లాగేసి, ఆమెకు మిగల్చాల్సిన దాని బదులు రుచిని మాటల్లో చెప్పాడు. "మొదట వేయించిన చెనిక్కాయ లాగుండాది మే. తర్వాత ఎద్దుకు కట్టే కొత్త తోలు పట్టెడ వాసన. ఆ పైన తొలివాన పడిన నేల. ఆఖర్లో బెల్లం." ఎర్రన్న పోయి పదకొండేళ్లయింది. ఆ నాలుగు మాటలు మాత్రం ఆమె దగ్గర చెక్కుచెదరకుండా ఉన్నాయి. కాలక్రమంలో చుట్ట తాగిన నోరు ఒకటి మారిందంతే.

మిగిలిన సిగార్లు ఒడిలో వేసుకొని ఇంటికి పోయింది. వెలుతురులో చూస్తే ఒక్కోదాని పై ఆకు సన్నగా పగిలి ఉంది. వేలితో నొక్కితే అప్పడంలా చిటపటలాడింది. అప్పుడు తన మీద తనకే నవ్వొచ్చింది. పదును లేని ఆకు కాల్చి రుచి చెప్పడమేమిటి? వాన పడి నేల పదునయ్యే దాకా ఈ సీమలో విత్తనం ముట్టరు. పొగాకూ అంతే, గాలిలో తేమ తాగితేనే మెత్తబడి నోరు తెరుస్తుంది. పది రోజులు రేకుల కింద ఎండిన ఆకు ఇంకేం మాట్లాడుతుంది? ఆమె సిగార్లను పాత పంచెలో చుట్టి, నీళ్లకుండ కింది తడి ఇసుక మీద ఒక చెక్క పరిచి, దాని మీద పెట్టింది. పైన గోనెసంచి కప్పింది. రోజూ సంచి తడిపింది. తమలపాకుల బుట్టను మాత్రం దగ్గరికి రానీయలేదు, వాసన పడుతుందని.

ఆదివారం చర్చి అయ్యాక జోయల్ తెల్ల చొక్కాతో వచ్చాడు. అతను పెనుకొండవాడే. దుబాయి హోటల్లో ఆరేళ్లు పని చేసినప్పుడు అతిథులిచ్చిన అసలు క్యూబా సిగార్లు రెండు తాగాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు. నల్లమ్మ పంచె మూట విప్పి, మెత్తబడ్డ సిగార్లు రకానికొకటి బయటికి తీసింది.

"పొగ లోపలికి మింగొద్దవ్వా," అన్నాడు. "నోట్లోనే ఉంచుకొని వదిలేయి. నిదానంగా, ఊపిరి తీసుకున్నంత నిదానంగా. వేగంగా లాగితే ఎంత మెత్తనిదైనా చేదెక్కుతాది."

"చుట్ట తాగను నాకు నేర్పిస్తావా నాయనా?"

"చుట్ట కాదు కదా, అందుకే."

ఆమె ఆ మాట పట్టింది. ఎర్ర ఉంగరానిది రెండు దమ్ములకే మిరియంలా నాలుక కొసను కొరికింది. పక్కన పెట్టేసింది. తెల్లది ముట్టించింది. పాల మీగడంత మెత్తగా వచ్చింది పొగ. దాని వెనకే వేయించిన వేరుశనగ, అచ్చం ఎర్రన్న చెప్పిన చెనిక్కాయే, చివర్లో చిన్న తీపి. మొదటి మాట, ఆఖరి మాట రెండూ దొరికాయి. ఇదే అనబోయి ఆగింది. నడుమ రెండు మాటలు లేవు, తోలూ లేదు, నేలా లేదు.

పచ్చది ముట్టించింది. ఇదీ మెత్తనిదే, గొంతు పట్టలేదు. మొదట కొత్త తోలు. కాసేపటికి తడిసిన నేల వాసన, ఎంత స్పష్టంగా అంటే ఆమె తలెత్తి ఆకాశం వైపు చూసింది. మబ్బు లేదు. వేరుశనగా లేదు, బెల్లమూ లేదు.

రెండింటినీ చెరో చేత్తో పట్టుకొని కళ్లు మూసుకుంది. వేణుగోపాల్ గడియారం చూశాడు. భరత్ ఏదో అనబోతే జోయల్ చేత్తో ఆపాడు.

నల్లమ్మ ఆ సాయంకాలాన్ని వెతుక్కుంటోంది. ఎర్రన్న గోడకు ఆనుకొని ఉన్నాడు. కొండ దిగి ఆకలిగా వచ్చాడు. వంట కాలేదు. అందుకని తనే చేటలో వేసి పెట్టింది, వేయించిన చెనిక్కాయలూ బెల్లం గడ్డా. అవి నములుతూనే చుట్ట ముట్టించాడు. చివర్లో మిగిలిన బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు.

ఆమె ఉన్నట్టుండి పకపకా నవ్వింది. తెల్ల ఉంగరం సిగార్‌ను కింద పెట్టేసి, పచ్చది జోయల్ చేతికిచ్చింది.

"ఇది. ఇదే దగ్గర."

జోయల్ దాన్ని తీసుకొని చాలాసేపు తాగాడు. హైవే మీద రెండు లారీలు పోయాయి. తర్వాత తల ఊపాడు. "ఇదేనవ్వా. అసలుది ఇంకొంచెం పొడుగ్గా మాట్లాడుతాది, కానీ మాట ఇదే. ఆ తెల్లది చెప్తావనుకున్నా. అందరూ తీపికే పడతారు. నువ్వు క్యూబాది ఎప్పుడు తాగినావు?"

నల్లమ్మ భరత్ వంక చూసింది, తర్వాత అరుగు వంక చూసింది.

"నేను తాగలేదు నాయనా. మా ఆయప్ప తాగినాడు. తాగి నాకు నాలుగు మాటలు చెప్పినాడు. అందులో రెండు నేను పెట్టిన చెనిక్కాయ బెల్లానివని ఈ పొద్దు తెలిసింది. అవి తీసేసినాను."

భరత్ ముందుకొచ్చి అన్నాడు, "అంటే ముప్పై ఏళ్లు మాకు చెనిక్కాయ బెల్లం రుచి చెప్పినావా అవ్వా?"

"నీకు పళ్లు రాకముందు నుంచీ చెప్తాండా. అరక్క ఏడ్చినావా ఎప్పుడన్నా?"

వేణుగోపాల్ నవ్వు ఆపుకొంటూ మేస్త్రీకి ఫోన్ చేశాడు. గాజు తలుపులు పెట్టుకోమన్నాడు. మెట్లు కుడిపక్క నుంచి కట్టమన్నాడు. ఎడమ పక్క అరుగు, దాని స్తంభమూ అలాగే ఉంటాయన్నాడు. "సిగార్లు కూడా ఆమె నీళ్లకుండ కిందే ఉంటాయి. రేకుల కింద నేను పెడితే చెడిపోయినాయి కదా" అని కొడుక్కి చెప్పాడు.

ఇప్పుడు అంగడికొచ్చే కొత్తవాళ్లు గాజు తలుపు తోసేముందు అరుగు మీద ఆగుతారు. క్యూబా చుట్ట ఎవరు తాగారంటే నల్లమ్మ నిజమే చెప్తుంది, మా ఎర్రన్న అని. ఎంత పొడవుందంటే మాత్రం రెండు చేతులూ చాపుతుంది. జానెడు నుంచి అది మూరెడు అయింది. భరత్ లోపలి నుంచి చూస్తూ, ఉగాదికి బారెడవుతుందని తండ్రితో పందెం కాశాడు.