గోడలోంచి ఊడిన కొక్కెం

బాపట్ల బయట ఒక ధాన్యం గోడౌను కప్పు బాగుచేసే పనిలో నన్ను సేఫ్టీ సూపర్‌వైజరుగా పెట్టుకున్నప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. పొద్దున్నే తెనాలిలో రైలెక్కి వెళ్లేవాణ్ణి. పగిలిన సిమెంటు రేకులు తీసి కొత్తవి వేయాలి. కప్పెక్కిన ప్రతి మనిషీ బెల్టు కట్టుకుని, దాని తాడును పిట్టగోడకు బిగించిన ఇనప కొక్కేనికి తగిలించుకోవాలి. తగిలించుకోనివాణ్ణి దింపేసి ఇంటికి పంపడం నా ఉద్యోగం.

కొక్కేల బోల్టులు గోడ వెనక కాంక్రీటు బీములోకి దిగాలని డ్రాయింగులో ఉంది. ఒక్కోదాన్నీ యంత్రంతో లాగి చూశాకే వాడాలి. ఎందుకంటే పడే మనిషి కుదుపు అతని బరువుకు ఎన్నో రెట్లుంటుంది. నేను చేరేసరికే కొక్కేలకు పసుపు రంగు వేసేశారు. పరీక్ష చేసినట్టు సర్టిఫికెట్ ఫైల్లో ఉంది. ఆ లాగే యంత్రాన్ని చూసినవాళ్లు మాత్రం సైటులో ఒక్కరూ లేరు. నేను అడగలేదు. రోజూ చెక్‌లిస్టులో టిక్కు పెట్టాను. మా నాన్నది తెనాలిలో వెల్డింగు షాపు. ఇనుము సంగతి నాకు తెలియదని చెప్పుకోవడానికి కూడా లేదు.

రేకులు వేసేవాళ్లలో అడవులదీవి నుంచి వచ్చే ఒకాయన ఉండేవాడు. యాభై దాటిన మనిషి. నేను బాబాయ్ అనేవాణ్ణి. ఒకరోజు పైనుంచి నన్ను పిలిచాడు.

"బాబూ, ఈ కొక్కెం చేత్తో తిప్పితే తిరుగుతోందండి."

ఎక్కి తిప్పి చూశాను. నిజమే. దిగివెళ్లి సైటు మేనేజరుకు చెప్పాను.

"ఏంటయ్యా, సర్టిఫికెట్ కనపడలేదా నీకు?" అన్నాడు తల ఎత్తకుండానే. "వానలొచ్చేలోపు కప్పు పూర్తవ్వాలి. నట్టు బిగించి పని కానివ్వు."

స్పానరు పట్టుకెళ్లి నట్టు బిగించాను. "సర్టిఫికెట్ ఉంది బాబాయ్, తగిలించుకో" అన్నాను. ఆయన ఒకసారి నా మొహం చూసి, తాడు తగిలించుకున్నాడు.

మూడో రోజు ఆయన కాలి కింద పాత రేకు విరిగింది. మనిషి లోపలికి దిగిపోయాడు, తాడు బిగిసింది, ఆగాడనే అనుకున్నాను. అంతలో గోడ పెచ్చుతో సహా కొక్కెం ఊడి నా కళ్ల ముందే జారిపోయింది. ఆయన లోపలున్న బస్తాల మీద పడి, అక్కణ్ణుంచి నేలకు దొర్లాడు. బస్తాలు ఉండబట్టి ప్రాణం మిగిలింది. తుంటి ఎముక విరిగింది. ఆ బోల్టులు నా చూపుడువేలంత కూడా లేవు. బీము దాకా పోనేలేదు, ప్లాస్టరు దాటి ఇటుకలోనే ఆగిపోయాయి.

ఆయన ఆసుపత్రి నుంచి ఇల్లు చేరాక మేనేజరు నా చేతికొక కాగితం ఇచ్చాడు. బెల్టు తగిలించుకోకుండా నిర్లక్ష్యంగా పనిచేసి పడిపోయానని అందులో టైపు చేసి ఉంది. కింద వేలిముద్రకు చోటు. వేయించుకు రమ్మన్నాడు. నేను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. అదీ నా సిగ్గు.

రేపల్లె దాకా రైల్లో, అక్కణ్ణుంచి బస్సులో అడవులదీవి వెళ్లాను. ఆయన మంచం మీద ఉన్నాడు. భార్య కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. ఆయన కాగితం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"వేలిముద్రకు చోటు వదిలారేంటండి? నేను ఏడో తరగతి దాకా చదివాను."

"ఏం రాశారందులో?" అని భార్య అడిగింది. చెప్పాడు. ఆమె నావైపు తిరిగింది.

"ఇది మీరు రాశారా బాబూ?"

"లేదు పిన్నీ, మేనేజరు రాయించాడు."

"తెచ్చింది మీరే కదండీ."

ఆయన పెన్ను అడిగాడు. టైపు చేసినదంతా అడ్డంగా కొట్టేసి, కింద నిదానంగా రాశాడు: బెల్టు పెట్టుకున్నాను, తాడు తగిలించాను, కొక్కెం ఊడింది. సంతకం చేసి ఇచ్చాడు.

రేపల్లె స్టేషను ఎదురుగా జిరాక్సు తీయించాను. మర్నాడు మేనేజరు అసలు కాగితాన్ని నా ముందే చింపేశాడు. ఆ మధ్యాహ్నమే ఆ జిరాక్సునూ, నేను రాసిన ఉత్తరాన్నీ లేబరు ఆఫీసులో ఇచ్చాను. పరీక్ష జరగలేదని తెలిసీ టిక్కులు పెట్టానని కూడా అందులో రాశాను. ఆ వాక్యం రాస్తుంటే మేనేజరు మీద కన్నా నా మీదే ఎక్కువ మండింది.

అధికారి వచ్చి నిజంగానే యంత్రం తెప్పించి లాగించాడు. సగానికి పైగా కొక్కేలు ఊడి చేతికొచ్చాయి. తప్పంతా వాటిని బిగించిన చిన్న కాంట్రాక్టరుదే అని కంపెనీ చెప్పుకుంది, అయినా వైద్యమూ పరిహారమూ వాళ్లమీదే పడ్డాయి. మేనేజర్ని ఇంకో సైటుకు పంపారు. నన్ను రావద్దన్నారు. బాబాయ్ కర్ర పట్టుకుని నడవగలిగాడు కానీ మళ్లీ కప్పెక్కలేదు.

తర్వాత అక్కడ పనిచేసినతను ఒకడు తెనాలి బజారులో కనపడ్డాడు. కొత్త కొక్కేలు బీములోకి దించారనీ, ప్రతిదాన్నీ లాగి చూశారనీ చెప్పాడు.

"ఎన్నాళ్లు పట్టింది?" అని అడిగాను.

"ఎంతండి, రెండు రోజులు."